పక్క మంచం చెప్పే సాక్ష్యం

భీమవరంలోనో, తణుకులోనో, అమలాపురంలోనో బీపీ డాక్టరు గది బయట కాసేపు కూర్చుని చూడండి. భార్యాభర్తలు జంటగా వస్తారు. పేరు పిలవగానే ఆయన ముందు వెళతాడు, ఆవిడ మందుల సంచీ, పాత రిపోర్టులు పట్టుకుని వెనకాలే వెళుతుంది. ఉప్పు తగ్గించారా, ఆవకాయ మానేశారా, సిగరెట్టు ఉందా, రోజూ నడుస్తున్నారా అని ఆయన్ని అడుగుతారు. రాత్రి నిద్ర సంగతి అడిగేవాళ్ళు తక్కువ. అడిగినా ఆయన్నే అడుగుతారు. "నిద్రకేమండీ, తల ఆనిస్తే చాలు పట్టేస్తాది" అంటాడాయన. ఆ ప్రశ్నకు అసలు జవాబు తెలిసిన మనిషి పక్కనే నిలబడి ఉంటుంది. ఆవిడ వైపు ఎవరూ చూడరు.

నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, అంటే స్లీప్ ఆప్నియా, తనకు ఉందో లేదో రోగికి సాధారణంగా తెలియదు. పక్కన పడుకునేవాళ్ళకు తెలుస్తుంది. వాళ్ళ మాటను రక్తపరీక్ష రిపోర్టుకిచ్చినంత విలువిచ్చి రాసుకోవాలన్నది నా వాదన. బీపీ, షుగరు ఇంటింటికీ పాకిన మా గోదావరి డెల్టాలో అయితే ఈ పని ఎప్పుడో మొదలవాల్సింది.

మా మేనమామది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. వరి మాని రొయ్యల చెరువులు వేసినవాళ్ళలో ఆయనొకడు. ఆయన గురక గురించి పెళ్ళిళ్ళలో, పండగల్లో బంధువులంతా నవ్వుకునేవాళ్ళు. మా అత్తయ్య నవ్వేది కాదు. ఒకసారి వంటింట్లో నాతో చెప్పింది: "గురక పెడతన్నంతసేపూ నాకు భయం లేదమ్మాయ్. గురక ఆగితేనే భయం. ఊపిరి ఆగిపోద్ది. పొట్ట మాత్రం ఎగిరెగిరి పడతా ఉంటది. ఒకటీ రెండూ అని లెక్కెట్టుకుంటా కూకుంటాను. ఇరవై దాటితే భుజం మీద కొడతాను. ఒక్కసారి గట్టిగా గాలి లాగి మళ్ళీ మొదలెడతాడు. పొద్దున్న అడిగితే నాకేం తెలీదంటాడు."

వైద్య విద్యార్థి నేర్చుకునే లక్షణాలన్నీ ఆ మాటల్లో ఉన్నాయి. గురక, నిశ్శబ్దం, గాలి ఆగినా ఆగని పొట్ట కదలిక, ఉలిక్కిపడినట్టు పీల్చే ఊపిరి, పొద్దున్నకు ఏదీ గుర్తులేకపోవడం. చదువు అయిదో తరగతితో ఆగిన మా అత్తయ్య అర్ధరాత్రి చీకట్లో కూర్చుని జబ్బును గుర్తించింది. ఆమె మాట ఇంటి గడప దాటడానికి మాత్రం ఏళ్ళు పట్టింది. ఈలోగా మామయ్యకు బీపీ బిళ్ళ ఒకటి రెండయింది, రెండు మూడయ్యాయి. పొద్దున్నే తలనొప్పి అంటే కళ్ళజోడు మార్చారు. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేస్తున్నాడంటే షుగరు వల్ల అన్నారు. పేపరు చదువుతూ కునికితే వయసన్నారు. చివరికి ఒక డాక్టరు ఆయన్ని వదిలేసి ఆమె వైపు తిరిగి, "అమ్మా, నిద్రలో ఈయన ఎలా ఉంటారు?" అని అడిగాడు. అప్పుడు తేలింది.

గొంతులో నాలుక వెనకనుంచి స్వరపేటిక దాకా గాలి వెళ్ళే దారి మెత్తటి కండరాల గొట్టం. దాన్ని చుట్టూ పట్టి నిలిపే ఎముక లేదు. మెలకువగా ఉన్నంతసేపూ కండరాలే దాన్ని తెరిచి ఉంచుతాయి. నిద్ర పట్టగానే అవి వదులవుతాయి. దారి ఇరుకైతే గాలి తాకిడికి కొండనాలుక, అంగిలి అదురుతాయి. గురక అంటే ఆ చప్పుడే. దారి పూర్తిగా మూసుకుపోతే చప్పుడు ఉండదు. అందుకే అత్తయ్య భయం సరైనది. గాలి లోపలికి రాకపోయినా ఛాతీ, పొట్ట లాగుతూనే ఉంటాయి. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, బొగ్గుపులుసు గాలి పెరుగుతుంది. ప్రాణం మీదకు వచ్చిందని మెదడు కొద్ది క్షణాలు మేలుకుంటుంది. అడ్రినలిన్ ఎగసి, గుండె వేగం, రక్తపోటు ఒక్కసారిగా పెరిగి, గొంతు తెరుచుకుంటుంది. ఆ మెలకువ గుర్తుండేంత పొడవైనది కాదు. వెంటనే మళ్ళీ నిద్ర, మళ్ళీ మూత.

కనీసం 10 సెకన్లు గాలి ఆగితే దాన్ని ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. పూర్తిగా ఆగకుండా బాగా తగ్గిన సందర్భాలను కూడా కలిపి, గంటకు సగటున ఎన్ని అని చూస్తారు. 5 నుంచి 15 లోపు ఉంటే తక్కువ స్థాయి, 15 నుంచి 30 లోపు మధ్యరకం, 30 లేదా ఆపైన తీవ్రం. మా మామయ్యకు 40 దాటింది. అంటే ప్రతి నిమిషంన్నరకు ఒకసారి ఆయన ఒంట్లో ప్రాణాపాయం గంట మోగుతోంది. ఆయన లెక్కలో అది ఎనిమిది గంటల కమ్మని నిద్ర. మెదడే ఊపిరి తీయమనే ఆజ్ఞ పంపకపోవడం వల్ల వచ్చే రకం వేరే ఉంది. అది గుండె బాగా దెబ్బతిన్నవాళ్ళలో ఎక్కువ కనిపిస్తుంది. జనంలో ఎక్కువగా ఉండేది మాత్రం గొంతు మూసుకుపోయే ఈ రకమే.

రొయ్యల రైతుకు ఈ జబ్బు గురించి చెప్పడం కష్టమేమీ కాదు. చెరువులో పగలు ప్లాంక్టన్ అనే సన్నటి నాచు ఎండను పట్టుకుని ఆక్సిజన్ తయారు చేస్తుంది. పొద్దుగుంకితే ఆ పని ఆగుతుంది, కానీ రొయ్యలూ ప్లాంక్టనూ అడుగు బురదా రాత్రంతా ఆక్సిజన్ తాగుతూనే ఉంటాయి. కాబట్టి డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, తెల్లవారకముందు అట్టడుక్కి దిగుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గుతోందంటే రైతు గుండెల్లో రాయి పడుతుంది. అందుకే నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతాయి, గట్టు మీద షెడ్డులో మనిషి కాపలా ఉంటాడు, కరెంటు పోతే జనరేటరు నిమిషాల్లో అందుకోవాలి. మనిషి ఒంట్లో కూడా గండం ఆ వేళకే ముదురుతుంది. కలల నిద్ర రాత్రి చివరి భాగంలో ఎక్కువ. ఆ నిద్రలో కండరాలు మరీ వదులైపోతాయి, గొంతు ఎక్కువసేపు మూసుకుంటుంది, ఆక్సిజన్ ఎక్కువ పడుతుంది. టార్చి లైటు పట్టుకుని మూడింటికి చెరువు డీఓ చూసి వచ్చి పడుకున్న మా మామయ్యకు నాలుగింటికి ఒంట్లో ఆక్సిజన్ 72కు దిగుతోందని పరీక్షలో కనబడింది. కోవిడ్ రోజుల్లో వేలికి ఆక్సీమీటరు తగిలించుకుని 94 కంటే తగ్గితే ఊరంతా పరుగులు పెట్టాం కదా, ఆ లెక్కతో చూడండి. ఇలాంటివాళ్ళకు పగలు ఆక్సీమీటరు పెడితే సాధారణంగా 97, 98 చూపించి ఊరుకుంటుంది. నిద్రపోయినప్పుడే కొలవాలి.

ఆరోగ్యవంతుడి రక్తపోటు రాత్రి నిద్రలో నూటికి పది నుంచి ఇరవై వంతులు తగ్గుతుంది. గుండెకూ రక్తనాళాలకూ దొరికే విశ్రాంతి అదొక్కటే. ఆప్నియా ఉన్నవాళ్ళకు ఆ తగ్గుదల పోతుంది, కొందరికి రాత్రే పెరుగుతుంది. మూత్రం మాత్రతో సహా మూడు రకాల మందులు వాడినా బీపీ లొంగడం లేదంటే వెతకాల్సిన కారణాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. మూసుకున్న గొంతుకు ఎదురుగా ఛాతీ లాగినప్పుడల్లా గుండె గదులు సాగుతాయి. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఇలాంటివాళ్ళలో ఎక్కువ. గుండె సాగినప్పుడు విడుదలయ్యే ఒక హార్మోను మూత్రపిండాల చేత నీళ్ళు బయటకు తోయిస్తుంది. రాత్రి మాటిమాటికీ లేవడానికి షుగరు, ప్రోస్టేటు మాత్రమే కారణం కాదన్నది అందుకే. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, పక్షవాతం, మతిమరుపు, దిగులు, దాంపత్యంలో పటుత్వం తగ్గడం, ఇవన్నీ ఈ జబ్బుతో ముడిపడి కనిపిస్తాయి.

మా జిల్లాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో, సుమారు 1.8 లక్షల జనాభాలో, ఏడాదిపాటు ఎవరు ఏ కారణంతో చనిపోయారో ఇంటింటికీ వెళ్ళి ఆరా తీసిన అధ్యయనం 2006లో అచ్చయింది. పల్లెల్లో జనం అంటువ్యాధులతో పోతారని అప్పటిదాకా అనుకునేవారు. ఈ లెక్కలో దాదాపు మూడో వంతు చావులకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది. కాలువల కింద మూడు తరాలుగా తిండికి లోటు లేని సీమ ఇది. ఒళ్ళు వంచే పని యంత్రాలకు పోయింది, తిండి మాత్రం తగ్గలేదు. ఆ మూడో వంతులో నిద్ర వాటా ఎంతో ఆ లెక్క చెప్పదు. అడగందే ఎవరూ చెప్పలేరు.

మా ఊళ్ళలో ఎవరైనా నిద్రలో కన్నుమూస్తే "పుణ్యాత్ముడు, అనాయాసంగా పోయాడు" అంటాం. అలా అనుకోవడం ఇంటివాళ్ళకు ఊరట, దాన్ని తీసేయమని నేను అనను. కానీ 2005లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఒక సంగతి బయటపెట్టారు. గుండె హఠాత్తుగా ఆగి చనిపోవడమన్నది మామూలు జనంలో పొద్దున్న లేచిన తర్వాతి గంటల్లో ఎక్కువ. నిద్ర పరీక్షలో ఆప్నియా తేలినవాళ్ళలో అర్ధరాత్రికీ ఉదయం ఆరుకూ మధ్య ఎక్కువ. తెలుగు సినిమాలకూ హుషారైన పాటలిచ్చిన సంగీత దర్శకుడు బప్పీ లాహిరి 2022 ఫిబ్రవరిలో ముంబయిలో చనిపోయినప్పుడు, వైద్యం చేసిన డాక్టరు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియానే, అంటే గొంతు మూసుకుపోయే ఈ రకాన్నే, కారణంగా చెప్పారు. ఆ పేరు మన పేపర్లలో అంత పెద్దగా రావడం చాలామంది అప్పుడే చూశారు. రెండు రోజుల తర్వాత మర్చిపోయారు.

"మా ఆయన సన్నమే కదా, ఆయనకెందుకొస్తుంది" అనేవాళ్ళకు ఒక మాట. లావు పెద్ద కారణమే, అదొక్కటే కారణం కాదు. దవడ కాస్త వెనక్కి ఉన్నా, ముఖం ఎముకల చట్రం చిన్నదైనా లోపల గొంతుకు చోటు తగ్గుతుంది. ఆసియా వాళ్ళలో తక్కువ బరువుకే ఈ జబ్బు రావడానికి అది ఒక కారణం. మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటితే అనుమానించాలి. పిల్లల్లో టాన్సిళ్ళు, అడినాయిడ్లు వాచి ఇదే పని చేస్తాయి. నోరు తెరుచుకుని పడుకునే పిల్లాడు బడిలో కుదురుగా ఉండడం లేదంటే కొట్టే ముందు చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాలి.

ఆడవాళ్ళ సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. భర్తకు భార్య సాక్షి. భార్యకు సాక్షి ఎవరు? నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ళలో ఈ జబ్బు బాగా పెరుగుతుంది. కానీ వాళ్ళు గురక అని చెప్పరు. నిద్ర పట్టడం లేదు, ఒళ్ళంతా నీరసం, తల బరువు, మనసు బాగోలేదు అని చెబుతారు. వాటికి బలం బిళ్ళలో, దిగులు బిళ్ళలో, నిద్ర బిళ్ళలో రాస్తారు. నిద్ర బిళ్ళల్లో కొన్ని గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి, మెదడు మేలుకోవడాన్ని ఆలస్యం చేస్తాయి. రాత్రి మద్యం తాగడం కూడా అదే చేటు చేస్తుంది. పైగా ఆడది గురక పెడుతుందంటే పరువు తక్కువనే భావం మన ఇళ్ళలో గట్టిగా ఉంది. అరవై దాటిన తల్లులు కూతురింటికి వెళితే, గురక వినబడుతుందని అందరూ పడుకునేదాకా కూర్చుని ఉండడం నేను చూశాను. వాళ్ళ పక్కన పడుకునే మనవలూ మనవరాళ్ళూ చెప్పే మాట వినండి. "అమ్మమ్మ నిద్రలో భయపడతాది" అని పిల్లలు చెబితే అది కల కాకపోవచ్చు.

ఇక రోడ్లు. రొయ్యల పట్టుబడి ఎక్కువగా చల్లటి వేళల్లోనే. ఐసు వేసుకున్న వ్యాన్లు 216 నంబరు, 16 నంబరు జాతీయ రహదారుల మీద తెల్లవార్లూ పరిగెడతాయి. కొబ్బరి లారీలు, ధాన్యం లారీలు, రాత్రి బస్సులు సరేసరి. పొద్దున్న పేపర్లో "డ్రైవరు నిద్రమత్తే కారణం" అని రాసి అక్కడితో వదిలేస్తారు. ఆ మత్తు ఎక్కడిదని అడగరు. రాత్రి డ్యూటీ వల్ల చాలని నిద్ర కొంత, నిద్రపోయినా తీరని ఈ జబ్బు కొంత. చికిత్స తీసుకుంటే ప్రమాదాలు తగ్గుతాయని పరిశోధనలు స్పష్టంగానే చెబుతున్నాయి. బ్రిటన్‌లో పగలు మత్తుగా ఉండే ఆప్నియా రోగి, జబ్బు అదుపులోకి వచ్చేదాకా బండి నడపకూడదు, లైసెన్సు కార్యాలయానికి తెలియజేయాలి. ఇక్కడ డ్రైవరుకు కన్ను చూస్తారు. నిద్ర చూడరు. ఓనర్లు ఏడాదికోసారి డ్రైవరు భార్యకు ఒక ఫోను చేసి అడిగినా చాలు, ప్రమాదంలో ఉన్నదెవరో సగం తెలిసిపోతుంది.

పరీక్ష విషయం త్వరగా చెబుతాను. ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకోబెట్టి మెదడు తరంగాలు, కళ్ళ కదలిక, ముక్కు గాలి, ఛాతీ కదలిక, గుండె, ఆక్సిజన్ రికార్డు చేస్తారు. అనుమానం గట్టిగా ఉంటే ఇంట్లోనే పెట్టుకునే చిన్న పరికరం చాలామందికి సరిపోతుంది. చికిత్సలో ప్రధానమైనది సీపాప్. సిడ్నీలో వైద్యుడు కోలిన్ సలివన్ బృందం దీన్ని 1981లో ప్రకటించింది. ముక్కుకు మాస్కు పెట్టి, సన్నటి ఒత్తిడితో గాలి పంపి, గొంతు మూసుకోకుండా నిలిపి ఉంచడమే దాని పని. ధర వేల రూపాయల్లో ఉంటుంది. ఏరియేటరు కొనే రైతు భరించలేని ధర కాదు, కూలికి వెళ్ళేవాడికి మాత్రం భరించలేని ధరే. ఈ తేడా ప్రభుత్వం పూడ్చాలి. జబ్బు తక్కువ స్థాయిలో ఉన్నవాళ్ళకు దవడను ముందుకు పట్టి ఉంచే పళ్ళ చట్రం, పక్కకు తిరిగి పడుకోవడం, బరువు తగ్గడం పనికొస్తాయి. స్థూలకాయంతో పాటు మధ్యరకం లేదా తీవ్రమైన ఆప్నియా ఉన్న పెద్దవాళ్ళకు బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను అమెరికా 2024 డిసెంబరులో అనుమతించింది. ఏదైనా ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే ముందు ఈ జబ్బు ఉందని, అనుమానం ఉన్నా సరే, మత్తు డాక్టరుకు చెప్పి తీరాలి.

మాస్కుతో మొదటి వారాలు కష్టమే. మామయ్య రెండో రాత్రే పీకి పడేశాడు. అత్తయ్య మళ్ళీ తగిలించింది. మాస్కు సైజు మార్చాక కుదురుకుంది. ఇప్పుడు బీపీ మందు ఒకటి తగ్గింది, మధ్యాహ్నం కునుకు లేదు, రాత్రి మూత్రానికి లేవడం దాదాపు ఆగింది. అత్తయ్య పెళ్ళయిన ఇన్నేళ్ళకు రాత్రి పూర్తిగా నిద్రపోతోంది. ఈ చివరిదాన్ని చాలా అధ్యయనాలు లెక్కలోకి తీసుకోవు. నేను తీసుకుంటాను.

ఎదురువాదం ఉంది, దాన్ని దాచను. గుండె లేదా మెదడు రక్తనాళాల జబ్బు అప్పటికే ఉన్న 2,717 మందితో చేసిన సేవ్ పరిశోధన 2016లో వెలువడింది. సీపాప్ ఇచ్చినవాళ్ళలో గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. సగటు బీపీ తగ్గుదల కూడా ఇతర పరిశోధనల్లో రెండు మూడు పాయింట్లే. అది చూపించి "అయితే ఇదంతా ఆసుపత్రుల వ్యాపారం" అనేవాళ్ళున్నారు. ఆ పరిశోధనలో జనం మాస్కు పెట్టుకున్నది రాత్రికి సగటున మూడు గంటల పైచిలుకు మాత్రమే. పగలు విపరీతంగా నిద్ర ముంచుకొచ్చేవాళ్ళను అందులో చేర్చుకోలేదు. అయినా సరే, సీపాప్ పెడితే గుండెపోటు రాదని నేను మాట ఇవ్వను, ఎవరు ఇచ్చినా నమ్మకండి. అదే పరిశోధనలో పగటి మత్తు తగ్గింది, మనసు తేలికపడింది. నాకు ఆ ఫలితం చిన్నది కాదు. మత్తు తగ్గిన డ్రైవరు బతికి ఇంటికొస్తాడు.

గురక పెట్టే ప్రతివాడికీ జబ్బు లేదు, ప్రతివాడికీ పరీక్ష చేయమనీ నేను అనడం లేదు. ప్రపంచంలో 30 నుంచి 69 ఏళ్ళ మధ్యవారిలో 93 కోట్ల మందికి పైగా ఎంతో కొంత ఆప్నియా ఉంటుందని 2019 అంచనా. అంతమందినీ వైర్లకు కట్టడం ఎవరివల్లా కాదు, అవసరమూ లేదు. ప్రశ్న అడగడానికి మాత్రం ఖర్చు లేదు.

అడిగే మనుషులు కూడా మనకు ఉన్నారు. 30 ఏళ్ళు దాటినవాళ్ళ దగ్గరకు ఆశా కార్యకర్తలు బీపీ, షుగరు, క్యాన్సర్ల కోసం ఒక ఫారం పట్టుకుని వస్తారు. అందులో వయసుంది, పొగాకుంది, మద్యముంది, వ్యాయామం ఉంది, నడుము కొలత ఉంది. గురక లేదు. ఆ టేపు ఆమె చేతిలోనే ఉంది కాబట్టి మెడ కూడా కొలవొచ్చు. కింద మూడు వాక్యాలు చేర్చాలి: గది బయటికి వినపడేంత గురక ఉందా, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, పగలు కూర్చున్నచోటే కునుకు పడుతోందా. రెండో ప్రశ్నను రోగిని అడిగి లాభం లేదు, ఆ ఇంట్లో మరొకరిని పిలిచి అడగాలి. ఆ జవాబుకు ఫారంలో వేరే గడి ఉండాలి, "చెప్పినవారు" అని పేరు రాసుకోవాలి.

ఫారం మారేదాకా ఆగలేనివాళ్ళు తెల్లవారుజామున ఫోనులో ఒక వీడియో తీయండి. గదిలో లైటు వేసి, ముఖం, ఛాతీ, పొట్ట మూడూ కనబడేలా, చప్పుడు వినబడేలా రెండు మూడు నిమిషాలు చాలు. డాక్టరు గదిలోకి వెళ్ళినప్పుడు రిపోర్టుల కంటే ముందు దాన్ని చూపించండి. ఆయన మందుల చీటీ రాయడం మొదలుపెట్టినా సరే, "ఒక్క నిమిషం అండీ, రాత్రి సంగతి నేను చెప్పాలి" అనండి.